పెద్దాయన ఆఖరి ప్రార్థన

హాలోస్ ఫోర్డ్‌లో పుట్టే బిడ్డకి మొదటి స్నానమూ, పోయిన మనిషికి చివరి స్నానమూ హెప్సీ ప్రూయిట్ చేతుల మీదుగానే జరిగేవి. పడవవాడి పెళ్ళాంగా వర్జీనియాలోని ఆ ఏటి ఒడ్డుకి వచ్చింది. ఏరు మొగుణ్ణి మింగేశాక ఈ పనిలోకి దిగింది. ఏ ఇంట్లో చూసింది ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చే మనిషి కనక అందరూ ఆవిణ్ణే పిలిచేవాళ్ళు.

కొండమీది బంగళాలో పెద్దాయనకి ప్రాణం మీదికి వచ్చినప్పుడూ ఆవిడకే కబురొచ్చింది. రాజుని ఎదిరించి ఈ దేశాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆయనొకడు. ఆదివారం చర్చికి వచ్చేవాడు, ప్రసంగం వినేవాడు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే వేళయ్యేసరికి టోపీ అందుకుని బయటికి నడిచేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆఖరి మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నది హెప్సీ, పెద్దాయన బానిస జూబా. పాస్టరుగారిని పిలిపించమంటారా అని హెప్సీ అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అవతల ఏముందో నాకు తెలీదమ్మా. తెలిసినట్టు నటిస్తూ పోలేను. ఆ కిటికీ తియ్యి."

తీసింది. కాసేపటికి ఆయన పోయాడు.

సమాధి మీద మట్టి ఆరకముందే పాస్టరు లెమ్యుయెల్ స్ట్రాడ్ హెప్సీ ఇంటికొచ్చి కూర్చున్నాడు. పెద్దాయన చివర్లో ప్రభువుని తలుచుకున్నాడన్న ఒక్క మాట కావాలాయనకి. హెప్సీ విన్నది విన్నట్టు చెప్పింది. జూబాని ఎవరూ అడగలేదు. బానిస మాట ఎక్కడా సాక్ష్యానికి పనికిరాదు.

పాస్టరు లేచి నిలబడి, "ఇంకోసారి గుర్తు తెచ్చుకో హెప్సీ. ఊరి క్షేమం కోసం అడుగుతున్నా," అన్నాడు మెల్లగా.

ఆ ఎండాకాలం ఏరు అడుగంటింది. నీళ్ళు పచ్చబడ్డాయి. ఇంటింటా జ్వరాలు. పెద్దాయన ఆత్మ మీద హెప్సీ నింద వేసినందుకే ఈ శిక్ష అన్న మాట పుట్టింది. పురుళ్ళకి హెప్సీని పిలవడం మానేశారు. ఒక పొద్దున ఆవిడ గేటుకి చచ్చిన కాకి వేలాడుతోంది.

అప్పుడే పాస్టరు భార్య లవీనియాకి జ్వరం తగిలింది. ఎవరు వద్దన్నా వినకుండా హెప్సీని పిలిపించుకుంది. ఆవిడ వేళ్ళు నిప్పుల్లా కాలుతున్నాయి.

"అంతటాయనే ప్రార్థన లేకుండా పోతే నాబోటిదానికి దిక్కేది హెప్సీ? నాకు భయంగా ఉంది."

హెప్సీ ఆ చెయ్యి పట్టుకుంది. "చేశారమ్మగారూ. నా చెవులతో విన్నాను. పసివాడిలా చేశారు."

లవీనియా పట్టు సడలింది. పొద్దుగూకేలోపు నిమ్మళంగా వెళ్ళిపోయింది. హెప్సీ నీళ్ళకోసం తలుపు తీసేసరికి పాస్టరు అక్కడే నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నా ముఖం వెలిగిపోతోంది.

భార్య సమాధి దగ్గర ఆయన ఆ మాట ఊరందరికీ చెప్పాడు. తర్వాత వానలు పడ్డాయి, జ్వరాలు తగ్గాయి. ఊరు ఆ ప్రార్థనకీ వీటికీ ముడిపెట్టుకుంది. మొహం చాటేసినవాళ్ళే పందిమాంసం, మొక్కజొన్న పిండి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. హెప్సీ వాటిని ముట్టుకోలేదు.

బడిపంతులు ఆసా ట్రింబుల్ మాత్రం పిల్లలకి పాత పాఠమే చెబుతూ వచ్చాడు. ఎవరి నమ్మకం వాళ్ళది, బలవంతం కూడదన్నదే పెద్దాయన జీవితమంతా పట్టుబట్టిన సంగతని. ఒకరోజు జనం బడి మీద పడ్డారు. పంతులుకి తారు పూసి, దుంగమీద కూర్చోబెట్టి, ఏటివైపు మోసుకుపోయారు.

"ఆయనే మోకరించాడు, నువ్వెంతవాడివిరా? కావాలంటే హెప్సీనడుగు," అని అరిచాడొకడు, సరిగ్గా ఆవిడ ఇంటి ముందు.

పంతులు తలతిప్పి ఆవిడకేసి చూశాడు.

ఆ ఆదివారం హెప్సీ చర్చిలో లేచి నిలబడింది. "నేను అబద్ధమాడాను అయ్యగారూ. చచ్చిపోతున్న మనిషి భయం చూళ్ళేక ఆడాను."

పాస్టరు దిగివచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ముసలితనంలో సైతాను ఇలాగే మతి చెడగొడతాడనీ, అందరూ ఆవిడ కోసం ప్రార్థన చెయ్యాలనీ అన్నాడు.

"పోనీ జూబాని అడగండి. వాడూ అక్కడే ఉన్నాడు," అంది హెప్సీ.

తలలన్నీ మేడమీద బానిసలు కూర్చునే వరసలవైపు తిరిగాయి. తను ఏం చేసిందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

జూబా నేలచూపులు చూస్తూ, "నాకేం వినపళ్ళేదు దొరా," అన్నాడు.

ఆ మాట వాణ్ణి కాపాడలేదు. పెద్దాయన వారసులు వారం తిరక్కుండా వాణ్ణి దక్షిణాదికి, పత్తిచేల వ్యాపారికి అమ్మేశారు. రేవులో వాడు పడవెక్కుతుంటే హెప్సీ పరుగెత్తుకెళ్ళింది.

జూబా అన్నాడు: "మీరు ఒకసారి అబద్ధానికీ, ఒకసారి నిజానికీ ఊరి ముందు నోరు తెరిచారమ్మా. రెండుసార్లూ మీకేం కాలేదు."

హెప్సీ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చావుకి దగ్గరైనవాళ్ళు పెద్దాయన ప్రార్థన గురించి చెప్పమని ఆవిణ్ణే పిలిపించుకునేవాళ్ళు. ఆవిడ పెదవి విప్పేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళే ఆవిడ తరఫున చెప్పేసేవాళ్ళు, ఏటికేడు కొత్త మాటలు కలుపుకుంటూ.