బుడ్డక్క వంచిన గొట్టం

వీధిలో అందరూ ఆమెను బుడ్డక్క అనేవారు. మనిషి పొట్టి, మాట పొడుగు. గేట్లకూ కిటికీ ఊచలకూ ఇనప మంచాలకూ వెల్డింగు చేసే రేకుల షెడ్డు ఆమెది. భర్త పోయాక షెడ్డు అమ్మేస్తుందని చుట్టాలు అనుకున్నారు. ఆమె ఆయన నల్లద్దాల కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆయన సగంలో వదిలిన గేటు దగ్గర కూర్చుని పని అందుకుంది. ఆ తర్వాత ఎవరూ అమ్మకం మాట ఎత్తలేదు.

ఏళ్లు గడిచాక మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. సామాను సంచీ భుజాన వేసుకుని పని ఉన్న ఇళ్లకు నడవడం ఆమె వల్ల కాలేదు. ఒక స్కూటరు కొట్టుకు వెళ్లి, ఎక్కి చూసింది. కాళ్లు నేలకు అందక, పక్కనే నిలబడ్డ కొట్టువాడి మీద పడింది. "ఇది కొంటే పట్టుకోడానికి నిన్ను కూడా కొనాలి" అని అతనితో చెప్పి, నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. తనకు సరిపడే బండి తనే చేసుకోవాలని ఆ దారిలోనే అనుకుంది.

నీళ్ల పంపులు బాగుచేసే తమ్ముడు, షెడ్డు నేలమీద ఆమె సుద్దతో గీసిన బొమ్మ చూసి తల గోక్కున్నాడు.

"అది బండా, పీటా?"

"పీటే. పరిగెత్తే పీట. పాత పంపు ఇంజను ఒకటి ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చాడు. చిన్న చక్రాలు ఒక తోపుడు బండివి దొరికాయి. ఇక మిగిలింది చట్రం. దానికి రెండు పక్కలా రెండు గొట్టాలు, ముందువైపు పైకి లేచి, సీటు కింద దిగి, వెనక చక్రం దాకా ఒకేలా వంగి ఉండాలి.

తుక్కు కొట్టులో ఒక పూటంతా కూర్చుని గొట్టాలు తిరగేసింది. నీళ్ల గొట్టం బరువు. కుర్చీల గొట్టం పలచన, వంచితే గడ్డిపరకలా నలుగుతుంది. జింకు పూత ఉన్నదాన్ని కాలిస్తే ఆ పొగకు చలిజ్వరం వస్తుంది. నిలువునా అతుకున్నది వంపు బయటివైపు నోరు తెరుస్తుంది. పనికొస్తుందనిపించిన ప్రతి గొట్టాన్నీ ఒక తాడుకు వేలాడదీసి, తాళంచెవితో కొట్టి వినేది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అడుగున ఉన్న ఒకటి మాత్రం ఖంగుమంది. తాళంచెవి జేబులో వేసుకున్నాక కూడా మోగుతూనే ఉంది. పట్టుకుంటే ఆగింది. వదిలితే మళ్లీ సన్నగా అందుకుంది.

"ఇది ఎక్కడిదయ్యా?"

"ఎవరింట్లోదో అక్కా. గోడకు కమ్మీలా బిగించిన గొట్టం. దానితోపాటు ఇంకోటి కూడా తీసుకో, జోడీ కావాలంటున్నావుగా" అన్నాడు తుక్కు కొట్టతను.

మర్నాడు మొదట ఆ గొట్టాన్నే వంచింది. ఇసుకను మూకుడులో వేయించి, గొట్టంలో పోసి, సుత్తితో తట్టి తట్టి కూరింది. లోపల ఖాళీ ఉంటే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. రెండు చివర్లా చెక్క బిరడాలు దిగ్గొట్టింది. బిరడాకు సన్నటి చిల్లు పెట్టడం ఆమె ఎప్పుడూ మరిచిపోదు. ఇసుకలో తడి మిగిలితే ఆవిరి పోవడానికి దారి ఉండాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి, నేలలో పాతిన లారీ చక్రం చుట్టూ లాగింది. గొట్టం వెన్నలా వంగింది. అవతలి కొసను ఎవరో పట్టుకుని సాయం చేస్తున్నారా అన్నంత తేలికగా వంగింది. తల తిప్పి చూసింది. ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఆమె కొద్దిగా నడుం వాల్చినప్పుడు చప్పుడైంది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

వెళ్లి షెడ్డు తలుపు తీసింది. వీధి ఖాళీగా ఉంది. చల్లారే ఇనుము చిటపటలాడుతుందని ఆమెకు తెలుసు కాబట్టి పట్టించుకోలేదు. కానీ మర్నాడు, గోడ మేకుకు వేలాడుతున్న గొట్టం పూర్తిగా చల్లబడ్డాక కూడా అదే చప్పుడు, అదే వరసన. టక్. టక్ టక్. దగ్గరికి వెళ్లి గొట్టం మీద చెయ్యి పెట్టింది. వేలి కింద దెబ్బ తెలిసింది. లోపలి నుంచి కాదు, పైనుంచి. ఆమె వేలి పక్కనే ఇంకో వేలు ఉన్నట్టు.

ఆరోజు ఇక పని సాగలేదు. తుక్కు కొట్టతన్ని పట్టుకుని ఆ కమ్మీ ఏ ఇంటిదో చెప్పించుకుంది.

నాలుగు వీధుల అవతల, గేటుకు ఎదురుగా కిటికీ ఉన్న ఇల్లు. తలుపు తీసింది నడివయసు ఆవిడ, ఆ ఇంటి కోడలు. విషయం చెప్పడానికి బుడ్డక్క అంతటి మాటకారికి కూడా నాలుక తిరగలేదు. చివరికి తలుపు మీద వేలితో కొట్టి చూపించింది. టక్. టక్ టక్.

కోడలు తలుపు బార్లా తీసింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"మా అత్తయ్యకు ఒక పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. మంచం పక్కన గోడకు కమ్మీ వేయించాం, పట్టుకుని ఒత్తిగిలడానికి. చేతి ఉంగరంతో దాని మీద కొట్టి పిలిచేది. రెండు కొడితే నీళ్లు. గబగబా కొడితే పక్కకు తిప్పమని. మీరు కొట్టింది... తలుపు దగ్గర ఎవరో ఉన్నారని. ఆ కిటికీలోంచి ఆమెకు గేటు కనిపించేది."

"మరి ఎవరైనా ఉండేవారా?"

"మొదట్లో ఉండేవారు. ఆఖర్లో రోజూ కొట్టేది, నేను పరిగెత్తేదాన్ని, ఎవరూ ఉండేవారు కాదు. విసుక్కునేదాన్ని. ఒక మధ్యాహ్నం కొట్టింది. పెద్దపెద్దగా కొట్టింది. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నా, లేవలేదు. ఎవరూ లేరు ఊరుకో అత్తయ్యా అన్నాను." కోడలు కిటికీ వైపు చూసింది. "నా చేతుల్లోనే పోయింది. ఎవరొచ్చారో నేను చూడనే లేదు."

గోడమీద కమ్మీ పీకిన గుంటలు ఇంకా పూడ్చలేదు.

బుడ్డక్క ఇంటికొచ్చి గొట్టాన్ని గోనె సంచీలో చుట్టింది. తీసుకెళ్లి ఎక్కడైనా పడేయాలనుకుంది. పడేయడానికి చెయ్యి రాలేదు. ఆ వంపు అంత చక్కగా కుదిరింది. పైగా, మాట లేని మనిషిని వీధిలో వదిలేసినట్టు అనిపించింది. గోనెతోనే తిరిగి మేకుకు తగిలించింది.

వాన పట్టింది. వాన తెరిపిచ్చాక రెండో గొట్టం పని మొదలుపెట్టింది. మనసు మనసులో లేదు. కుప్ప అడుగునుంచి తీసిన ఇసుకను మూకుడులో అలా తిప్పి ఇలా దించేసింది. బిరడాలు బిగించింది. గొట్టాన్ని కొలిమిలో పెట్టి, ఎరుపెక్కే దాకా దాని ఎదురుగా చిన్న పీట మీద కూర్చుంది.

గోనెలోంచి వినిపించింది. టక్. టక్ టక్.

బుడ్డక్క కదలలేదు. తలుపు అవతల ఎవరున్నారో ఇప్పుడు ఆమెకు ఒక ఊహ ఉంది, ఆ ముసలామెను తీసుకుపోయినవాళ్లే. తీయకపోతే రాలేరు కదా అనుకుంది. గొట్టం మళ్లీ మోగింది. ఈసారి గోనె అదిరేలా. మూడోసారి కొట్టినప్పుడు గొట్టం మేకు మీంచి ఊడి నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలింది.

"సరే, చూస్తాను. చూసొస్తాను, సరేనా" అంది గట్టిగా.

వెళ్లి గడియ తీసింది. తలుపు బయట తడి వీధి, ఎదురింటి గోడ. గుమ్మం దాటి ఒక్క అడుగు వేసింది. వెనక పిడుగు పడ్డట్టయింది.

చెవులు తేరుకున్నాక లోపలికి తొంగి చూసింది. కొలిమిలో గొట్టం చీలి ఉంది. ఒక కొసనున్న బిరడా ఎగిరి, ఆమె కూర్చున్న పీట మీదుగా వెళ్లి, వెనక రేకుకు చిల్లు పెట్టుకుని బయటపడింది. షెడ్డంతా వేడి ఇసుక. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, బిరడాలకు చిల్లు పెట్టలేదని.

మర్నాడు కోడలి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. కోడలు విని, గోడమీద కమ్మీ గుంటల వైపు చూసింది.

"అయితే ఆరోజు నేను లేచి వెళ్లుంటే..."

"ఏమో తల్లీ. నిన్ను గదిలోంచి బయటికి పంపాలనుకుందేమో. తను పోవడం నువ్వు చూడలేవని."

"అలాంటి మనిషే" అంది కోడలు. కన్నీళ్లు తుడుచుకుంది. తర్వాత, గొంతు తగ్గించి, "లేదా నిజంగానే ఎవరో వచ్చారు" అంది.

బుడ్డక్క గొట్టం తిరిగి ఇచ్చేస్తానంటే కోడలు వద్దంది. "మీరు లేచారు. మీ దగ్గరే ఉండనివ్వండి."

ఇంకో గొట్టం తెచ్చి, ఇసుకను రెండు పూటలు ఎండబెట్టి, జోడీ వంచింది. దానికి మాత్రం చెమటలు కక్కాల్సొచ్చింది. చట్రం అతికి, ఇంజను బిగించి, రంగు వేసింది. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనాయి. తమ్ముడు చుట్టూ తిరిగి చూసి, "పీట బాగానే ఉంది" అన్నాడు.

బుడ్డక్క ఇప్పుడు దానిమీదే పనులకు వెళుతుంది. పిల్లలు నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. బండి బాగానే పరిగెత్తుతుంది. ఒకటే ఇబ్బంది. పంపు ఇంజను కదా, చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతలో ఇంకే చప్పుడూ వినబడదు. అందుకని దారిలో ఉండుండి బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, గొట్టం మీద అరచెయ్యి వేసి, కాసేపు వింటుంది. ఏమీ లేదని తేలాకే మళ్లీ బయలుదేరుతుంది.