తాతయ్య తమిళం నేర్చుకున్న రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారమంటే మా తాతయ్య గొంతే. తిరుత్తణి దగ్గర మా ఊరి చిన్న చర్చిలో తెలుగు కీర్తన ఎత్తుకునేది ఆయనే. ఆయన మొదలుపెడితే తప్ప మిగతావాళ్లు నోరు తెరిచేవారు కాదు. ముందు వరుసలో ఆయన పక్కన కూర్చోవడం నాకెంత గర్వమో చెప్పలేను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. పిల్లలకు చదవడం వచ్చేది తమిళమే కనుక ఇకమీదట పాటలు తమిళంలో పాడదామన్నారు. టీచరు ట్రైనింగు చదువుతున్న మా పక్కింటి అక్కను పాట ఎత్తుకోమన్నారు. తాతయ్యకు తమిళం మాట్లాడటం వచ్చు గాని ఒక్క అక్షరం చదవడం రాదు. ఆయన లేచి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నారు. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను.

"ఇంక ఆ గుడి గడప తొక్కొద్దు" అని నానమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. తాతయ్య రెండు వారాలు చర్చిలో ఆ వెనక వరుసలోనే కూర్చున్నారు. తరవాత ఒక సాయంత్రం నా తమిళ వాచకం చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లారు.

"ఈ అక్షరాలు నాకు నేర్పిస్తావామ్మా?" అని అడిగారు.

అక్క కంగారుగా కుర్చీలోంచి లేచింది. "మీకు నేను చెప్పేదేంది తాతా!"

ఆయన ఆమెను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చున్నారు. 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరమంటే ఆయనకు అంతుపట్టలేదు. అక్క వాళ్ల చెల్లెళ్లు కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక అడిగేశాను. "నువ్వు ఓడిపోయినావా తాతా?"

ఆయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "ఏమో పాపా, నాకూ తెలీదు. కోపం మాత్రం శానా వచ్చింది. ప్రార్థనకు కూచుంటే నా గొడవే నాకు ఇనపడతా ఉండె. ఏసయ్య శిష్యుల కాళ్లు కడిగేదానికి వాళ్ల కాళ్ల కాడ కూచున్నాడే, నేను ఆ పిల్ల ముందర కూచోలేనా అనుకున్నా. పోయి అడిగినాక గుండె తేలికయింది."

నాకేమీ అర్థం కాలేదు.

గుడ్ ఫ్రైడే నాడు చుట్టుపక్కల ఊళ్ల జనంతో చర్చి నిండిపోయింది. పాట మధ్యలో అక్క గొంతు పట్టేసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అప్పుడు వెనక నుంచి, తప్పులు పలుకుతూనే, తాతయ్య తరవాతి చరణం అందుకున్నారు. అక్క తేరుకుని గొంతు కలిపింది. కలిపిన వెంటనే ఆయన తన గొంతు తగ్గించేశారు. వెనక్కి తిరిగి చూశాను. ఆయన ముందు వరుసలో పాడిన రోజుల్లో కూడా ఆ ముఖంలో అంత నెమ్మది నేను చూడలేదు. ముందు వరుస పోగొట్టుకున్న మనిషి అలా ఎందుకున్నాడో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఇప్పుడు మణవాళనగర్‌లో ఉంటున్నాను, రిటైరై చాలా ఏళ్లయింది. ఆఫీసులో నాకన్నా చిన్నవాళ్లను నాకు పైన వేసినప్పుడు, ఇంట్లో కోడలు వంటింటి పద్ధతి మార్చినప్పుడు, నాకు ముందు కోపమే వచ్చింది. ఆ కోపానికి సిగ్గుపడను. అంతటి తాతయ్యే తనకూ వచ్చిందని చెప్పారు కదా. కోపం తగ్గాక, వాళ్ల దగ్గరికే వెళ్లి "ఇది నాకు కాస్త చూపిస్తావా?" అని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతాను. ఆ మాట నోటి దాకా రావడం ఈ వయసులోనూ కష్టంగానే ఉంటుంది.