మా అమ్మ మోకాలు, గొర్రెల సూది

మా అమ్మ జంగమ్మకు చెప్పడం, గోడకు చెప్పడం రెండూ ఒకటే.

వికారాబాద్‌లో ఒక ఎముకల డాక్టర్ దగ్గర నేను నర్సుగా చేస్తున్నాను. మోకాళ్లు అరిగినవాళ్ల రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చని నీరు మళ్లీ వాళ్ల మోకాట్లోకే ఎక్కించే వైద్యం మా దగ్గర ఉంది. ఎవరొచ్చినా నేను చెప్పేవి రెండే ముక్కలు. రెండు రోజులు కాలు కదపొద్దు. డాక్టర్ రాయని నొప్పి మందు ముట్టొద్దు. సూది పడ్డాక మోకాలు వాస్తుంది, సలుపుతుంది. ఆ వాపును మందుతో అణిచేస్తే ఎక్కించిందంతా దండగ కావచ్చని మా డాక్టర్ అంటారు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. కన్నతల్లికైతే పదిసార్లు చెప్పాను.

అమ్మది దోమ దగ్గర పల్లె. నాన్న పోయాక ఎనభై గొర్రెల వెంట ఒక్కతే నడుస్తోంది. మా అన్న దశరథ్ తాండూరులో బండలు పాలిష్ పట్టే పనికి పోతాడు. "ఈ నెలల మోకాలు సక్కగ కాకుంటే మందను అమ్మేసుడే" అని అన్న తెగేసి చెప్పాకే అమ్మ మా ఆసుపత్రి గడప తొక్కింది.

"నా రక్తం నాకే ఎక్కిస్తే కొత్తగ ఏమొస్తది సారూ?" అని డాక్టర్‌నే నిలదీసింది.

"అరిగిన గుజ్జు మళ్లీ పుడుతదని నేను చెప్పనమ్మా. నొప్పి తగ్గితే కొన్ని నెలలు సుఖంగ నడుస్తరు. అందరికీ తగ్గదు కూడ" అన్నారాయన.

సోమవారం సూది వేయించి ఇంట్లో దింపాను. అన్న రెండు రోజులు పని మాని మందను తోలుతానన్నాడు. బుధవారం పొద్దున పోయి చూస్తే మంచం ఖాళీ. అమ్మ కంది చేల పక్కన గొర్రెల వెనక దర్జాగా నడుస్తోంది. మోకాలిమీద వాపన్నదే లేదు.

"ఏం మింగినవే అమ్మా?"

"నీ మీదొట్టు, ఏం మింగలే."

నిజమే, మింగలేదు. సంచి వెతికితే సిరంజి, గొర్రెల వాపు మందు సీసా దొరికాయి. గొర్రెకు కాలు వాస్తే మా వాళ్లెవరూ పశువుల డాక్టర్ కోసం ఆగరు, సూది తామే పొడుస్తారు. అమ్మ అదే తన తొడకు పొడుచుకుంది.

"రెండు గొర్రెలంత ఉంట గద బిడ్డా! రెండు గొర్రెల డోసు ఏస్కున్న" అంది, లెక్క తప్పలేదన్న గర్వంతో.

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టి, లాక్కుపోయి, కిడ్నీ పరీక్షలు చేయించాను. అదృష్టం, ఏమీ కాలేదు. డాక్టర్ తల పట్టుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి నొప్పి యథాప్రకారం వచ్చేసింది. ఈ వైద్యమే ఆమెకు పడలేదో, గొర్రెల సూదే చెడగొట్టిందో ఇప్పుడెవరు చెప్పగలరు?

"రెండు రోజుల నొప్పి ఓర్సుకోలేకపోయినవా? ఇద్దర్ని కన్నవు గదనే!" అని అరిచాను.

అమ్మ కొంగు లాగి మోకాలిమీద కప్పుకుంది.

"నొప్పికి గాదే. పొద్దుగాల లేస్తే మీ అన్న నా మోకాలు దిక్కే సూస్తుండు. కుంటే గొర్రెను నేను గూడ గట్లనే సూస్త, కటికోనికి అమ్మే ముంగట. గందుకే వాపు కనవడొద్దని పొడుసుకున్న."

అన్నమీద కోపంతో వెంటనే ఫోన్ తీశాను. తీశాను గాని నంబరు నొక్కలేకపోయాను. ఆమె మోకాలు ఇక పని చేయదు, మందను అమ్మేద్దామని మొదట అన్నది అన్న కాదు, నేనే.