గోడ పట్టుకున్న పెళ్లికొడుకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ప్రపంచంలో ఏదీ ఉండేది కాదు. (ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకోకండి. సెల్‌ఫోన్లూ షేర్ ఆటోలూ అన్నీ ఉన్నాయి. అప్పటికీ ఇప్పటికీ పాతబడింది నేనొక్కణ్నే.) డిప్లొమా పాసై, హైదరాబాదులో ఒక పెద్ద భవనం కట్టేచోట సైటు ఇంజినీరుగా కొత్తగా చేరాను. అక్కడ నా మాట ఎవరూ వినేవారు కాదు కాబట్టి, మిగిలిపోయిన మాటలన్నీ సెలవు రోజున నాగర్‌కర్నూల్‌కు మోసుకొచ్చి ఇంట్లోవాళ్ల మీద కుమ్మరించేవాణ్ని. బస్సు దిగి ఇంటిదాకా నడుస్తుంటే దారిలోని గోడలన్నీ తప్పుల తడకలుగా కనిపించేవి. ప్రతి గోడ ముందూ ఆగి తల అడ్డంగా ఊపేవాణ్ని. ఆ ఇళ్లవాళ్లు మాత్రం నన్ను చూసి, పాపం ఈ పిల్లవాడికి చదువు ఎక్కడో వికటించిందని అనుకునేవారట.

మా సైటులో గోడల పని కొత్త రకంగా ఉండేది. గోడకు బయటివైపు తెల్లటి థర్మాకోల్ పలకలు అతికించి, వాటి మీద వల పరిచి పూత పూసి, ఆ పైన బిస్కెట్టంత మందం మట్టి ఇటుక బిళ్లల్ని జిగురు సిమెంటుతో అంటించేవారు. చూసేవాళ్లకు అది అచ్చమైన ఇటుక గోడే. ఎండ వేడి మాత్రం థర్మాకోల్ దగ్గరే ఆగిపోతుంది. అది చూసినప్పటినుంచి నాకు మా ఇల్లే గుర్తుకు రాసాగింది. మాది పడమటి ముఖం ఇల్లు. ఎండాకాలం సాయంత్రం ముందుగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. "పొయ్యెందుకురా, గోడకు జొన్నరొట్టె కొడ్తె కాల్తది" అనేది అమ్మ. సరే, గోడకు స్వెట్టర్ తొడిగినట్టు థర్మాకోల్ తొడిగి, పైన ఇటుకల చొక్కా వేద్దామని చెప్పాను. అమ్మ నా ముఖంలోకి చూసి, "ఎండకాలంల స్వెట్టరేందిరా?" అంది. ఇంజినీర్ల తల్లులు ఇంజినీర్లకు అడ్డుపడటం లోకంలో ఉన్నదే అనుకుని పని మొదలుపెట్టాను.

నాకు తోడు మా మేనమామ. ఆయన్ను అందరూ లెవెల్ మామ అంటారు. వయసులో ఉన్నప్పుడు మేస్త్రీగా దేశమంతా తిరిగి, డ్యాములూ వంతెనలూ కట్టి వచ్చిన మనిషి. ఏ వస్తువునైనా ఒక కన్ను మూసి చూస్తేనే ఆయనకు నమ్మకం. అన్నం వడ్డించిన కంచాన్ని కూడా ఒకసారి అలాగే చూసి, వంకర లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టేవాడు. నా ఇటుక బిళ్లను చేతిలోకి తీసుకుని, కన్ను మూసి, తెరిచి, మళ్లీ మూసి, "ఇది ఇటుకనా, ఇటుక ఫొటోనా?" అన్నాడు. అయినా చెల్లెలి కొడుకు మాట కాదనలేక తాపీ పట్టాడు. నేను వచ్చిన సెలవుల్లో ఇద్దరం కలిసి గోడ చాలావరకు ముగించాం. వరండా నడిమి భాగం మాత్రం మిగిలింది.

ఈలోగా వాడకట్టులో మా గోడ గురించి కబుర్లు మొదలయ్యాయి. దారిన పోయేవాళ్లు ఆగి గోడ తట్టి చూసేవారు. ఇటుక గోడ చేయాల్సిన చప్పుడు అది చేయదు కదా, డొల్లగా డబడబమనేది. "గోడల టీవీ డబ్బా పెట్టిండంట" అన్నారు. అమ్మ జల్లెడ తగిలించుకోవడానికి బిళ్లల సందులో ఒక మేకు కొడితే, అది ఒక్క దెబ్బకు తలదాకా లోపలికి వెళ్లిపోయి మళ్లీ కనిపించలేదు. ఆ పూటంతా అమ్మ, "నా మేకును గోడ మింగింది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పింది. నేను వేడి ఎలా ప్రయాణిస్తుందో వివరించాను. అమ్మకు కావలసింది మేకు.

ఇక అసలు సంగతికి వస్తాను. అప్పటికి నెల రోజుల ముందు వనపర్తిలో ఒక అమ్మాయిని చూసి వచ్చాం. అక్కడి దవాఖానాలో నర్సు. పెళ్లిచూపుల్లో ఇద్దరినీ మాట్లాడుకోమని పక్కగదిలో కూర్చోబెడితే, ఏం పని చేస్తారని ఆమె అడిగింది. అడగకూడని ప్రశ్న అది. నేను థర్మాకోల్ దగ్గర మొదలుపెట్టి ఇటుక బిళ్లల దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతకు ముందు చూసిన ఒకమ్మాయి ఈ కథలో సగం కాకముందే లేచి నీళ్లు తాగడానికి వెళ్లి, తిరిగి రాలేదు. ఈమె మాత్రం చివరిదాకా విని, కాసేపు ఆలోచించి, "మరి ఆ ఆగిన వేడి ఎటు పోతది?" అని అడిగింది. నా జన్మలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. జవాబు చెప్పబోయి ఆమె కళ్లు చూశాను. జవాబు మరిచిపోయాను. తిరుగు బస్సులో కూర్చున్నప్పుడే నాకు తెలిసిపోయింది, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి, లేకపోతే థర్మాకోల్‌తోనే బతికేయాలి.

మా వైపు పిల్లవాడివాళ్లు పిల్లను చూశాక, పిల్ల తరఫువాళ్లు వచ్చి ఇల్లు చూసుకుంటారు. మిగతా ఊళ్లలో ఇది చాయ్ తాగి పోయే మర్యాద కావచ్చు. మా పాలమూరులో అలా కాదు. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా ఊరూరా తిరిగి పరాయివాళ్ల గోడలు కట్టి వచ్చినవాళ్లే. చుట్టాలు చెప్పులు విడవకముందే మూలలు సరిచూస్తారు, దర్వాజా చట్రం మీద చెయ్యి వేస్తారు, గోడను తట్టి చెవి ఒగ్గుతారు. గోడ పరీక్షలో తప్పినందుకు తప్పిపోయిన సంబంధాలు నాకే రెండు మూడు తెలుసు. అందుకే వాళ్లు వచ్చేలోగా పని పూర్తిచేయాలని నా ఆరాటం. వాళ్లేమో అనుకున్నదానికంటే ముందే, వచ్చే ఆదివారమే వస్తామని కబురు పెట్టారు. నాకు సెలవు దొరకలేదు. మామకు ఫోన్ చేసి, మిగిలిన భాగం అంటించేయమని బతిమాలాను. "నువ్వు పరేషాన్ గాకు అల్లుడా, నేనున్న గద" అన్నాడు.

ఆదివారం పొద్దు బాగా ఎక్కాక బస్సు దిగి పరుగున వచ్చి చూస్తే, అబ్బ, ఏం పని! వరస వెంట వరస, దారం పట్టి గీసినట్టుంది. మామ పక్కనే ఒక కన్ను మూసుకుని గర్వంగా నిలబడ్డాడు. ముద్దొచ్చి ఒక బిళ్ల మీద చెయ్యి వేశాను. అది మెల్లగా, ఎంతో మర్యాదగా కిందికి జారింది.

"మామా, ఇది కదులుతున్నది!"

"కదులుతదా? మంచిగ నానవెట్టి మరీ పెట్టిన గదరా. రెండు రోజులు నీళ్ల గోలెంల నానినయి."

"నానబెట్టినవా? జిగురు సిమెంటుకు బిళ్లలు పొడిగ ఉండాలె మామా! నానబెట్టొద్దు!"

"ఏం మాట్లాడ్తున్నవురా? ఇటుక అన్నంక నానవెట్టకుంట పెడ్తరా యాడనన్న? నానవెట్టిన. జిగురు గట్టిగున్నదని జర నీళ్లు గూడ కలిపిన. పొద్దుమాపు పైపు పెట్టి గోడకు నీళ్లు కొట్టిన."

ఆయన తప్పేమీ లేదు. ఎర్ర ఇటుకను నానబెట్టడం, కట్టిన గోడకు నీళ్లు కొట్టడం ఆయనకు అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటివి. వేడి ఎలా ప్రయాణిస్తుందో వాడకట్టు మొత్తానికి చెప్పిన నేను, బిళ్లలు తడపకూడదన్న ఒక్క ముక్క మాత్రం మామకు చెప్పలేదు. దాని గురించి పశ్చాత్తాపపడేంత వ్యవధి కూడా లేదు. అప్పటికే ఆటో వచ్చి గేటు ముందు ఆగింది.

అమ్మాయి తాత, మేనత్త, నాన్న దిగారు. అమ్మాయి నాన్న మితభాషి, ఆయన్ను ఈ కథలో మళ్లీ వినరు. తాత మాత్రం తెల్లటి తువ్వాల భుజాన వేసుకుని, మనుషులెవరినీ చూడకుండా సరాసరి గోడవైపు నడిచాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించడం కూడా చూశాను. తట్టడానికి వస్తున్నాడు! ఏం చేయాలో తోచక ఒక్క గెంతులో ఆయనకూ గోడకూ మధ్య దూరి, వీపు గోడకు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి, "నమస్తే తాతా" అన్నాను. చేతులు జోడించని నమస్తే. తాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పిడికిలి వదిలి, నా పక్కనే గోడవారగా వేసిన కుర్చీలో కూర్చున్నాడు.

అమ్మ మురుకులు, చాయ్ తెచ్చింది. "కూసో బిడ్డ, ఎందుకు నిలవడ్డవ్?" అంది మేనత్త. కూర్చుంటే నా వెనకనున్న బిళ్లలన్నీ నాతోపాటే కూర్చుంటాయి. "పర్వాలేదు అత్తమ్మా" అన్నాను. "కూసో కొడుకా" అంది అమ్మ, పళ్లు బిగించి. "పెద్దోళ్ల ముంగట ఎట్ల కూసుంటనమ్మా" అన్నాను. అమ్మ నోరు తెరిచింది. ఆ మాట నా నోట విని ఎరగదు పాపం. ఇంట్లో నేను కూర్చునే పద్ధతి ఆమెకు తెలుసు, పడుకోవడానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. మేనత్త మాత్రం కరిగిపోయింది. ఈ కాలంలో ఇంత అణకువ ఎక్కడుందని అమ్మాయి నాన్నతో అంది.

నా వీపు కింద బిళ్లలు ఒక్కొక్కటిగా సర్దుకుంటున్నాయి. ఎడమ మోచేత్తో ఒకటి, కుడి అరచేత్తో రెండు, నడుముతో ఎన్నో తెలియదు. మామకు సంగతి అర్థమై, వచ్చి నాకు రెండోపక్క వీపు ఆనించి నిలబడ్డాడు. అమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "మీకేమయిందన్నా?" అంది. "సల్లగున్నది చెల్లె, గోడ సల్లగున్నది" అన్నాడు మామ. అది అబద్ధం కాదు. ఆయన కొట్టిన నీళ్లు ఇంకా ఆరలేదు, నా చొక్కా వెనకంతా తడిసి ముద్దయింది.

ఆ చల్లదనం మాట పట్టుకుని అమ్మ మేనత్తను లోపల ఇల్లు చూడమని పిలుచుకుపోయింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. తిరిగి వస్తూనే మేనత్త, "అవ్వ, బయట పెనం లెక్కున్నది, లోపల జర గూడ తెలుస్తలేదు!" అంది. ఇన్నాళ్లకు ఒక మనిషి నా గోడను మెచ్చుకుంది. ఆ ఆనందంలో వివరించబోయి, చెయ్యి తిప్పి చూపించడం నాకు అలవాటు కదా, కుడిచెయ్యి గోడమీద నుంచి తీశాను. భుజం పక్కన ఏదో జారడం తెలిసింది. చెయ్యి చాపేలోగా అది దాటిపోయింది. అంతే, నా పెళ్లి అయిపోయిందనుకుని కళ్లు గట్టిగా మూసుకుని, టప్పుమనే చప్పుడు కోసం ఎదురుచూశాను.

చప్పుడు రాలేదు. ఒక కన్ను (లెవెల్ మామలా) తెరిచి చూశాను. మేనత్త చాయ్ తాగుతోంది. తాత ఒళ్లో తువ్వాల మడత వేసుకుని, కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నాడు. ఏ దేవుడో కాపాడాడని మొక్కుకున్నాను.

వాళ్లు లేచినప్పుడు గేటు దాకా వెళ్లి సాగనంపాలి. వెళ్తే గోడ కూడా వస్తుంది. అక్కణ్నుంచే తల వంచి సెలవు తీసుకున్నాను. "సిగ్గు జాస్తి పిలగానికి" అంది మేనత్త నవ్వుతూ. ఆటో కదిలింది, మలుపు తిరిగింది. నేనూ మామా ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఒకేసారి గోడను వదిలి ముందుకు ఉరికాం. వరండా నడిమి భాగమంతా దబదబా రాలిపోయింది. తర్వాత అమ్మ అన్నవన్నీ ఇక్కడ రాయను.

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. చివరికి మామ ఫోన్ చేసి, "ఒప్పుకున్నరు అల్లుడా! పెద్దోళ్ల ముంగట కూసోనోడని మేనత్త అందరికి చెప్తుందంట" అన్నాడు. బిళ్లల్ని ఆరబెట్టి, ఈసారి పొడిగా అంటించాం. ఎంత వెతికినా ఒక బిళ్ల మాత్రం తక్కువైంది. ఆ రంగుది మళ్లీ దొరకలేదు. వరండాలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

పెళ్లయి ఆమె మా ఇంటికి వచ్చిన వారానికి, పెట్టె సర్దుకుంటూ, పాత తువ్వాలలో చుట్టిన వస్తువొకటి తీసి నా చేతిలో పెట్టింది. ఇటుక బిళ్ల.

"తాత ఇచ్చిండు. ఆ దినం ఒళ్లె పడ్డదంట. మందిల పిలగాని ఇజ్జత్ పోతదని తువ్వాలల చుట్టి నిద్రపోయినట్టు చేసిండంట."

నా అణకువ చూసి పిల్లనిచ్చారని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ని! "మరి తెలిసి కూడా ఎట్ల ఒప్పుకున్నరు?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "ఇంటికొచ్చి ఏమన్నడో తెల్సా? 'ఆ గోడ సంగతి నాకు సమజ్ గాలే. గని పడేదాన్ని ఇడిసిపెట్టి పోయేటోడు గాదు ఆ పిలగాడు. ఈనికే ఇద్దాం' అన్నడు."

ఆ బిళ్లను ఆమే తన చేత్తో ఖాళీలో అంటించింది. తాత ఇప్పుడు లేడు. మామ ఇప్పటికీ ఆ ఒక్క బిళ్ల జర వంకరగా ఉందని ఒక కన్ను మూసి చెబుతాడు. ఆగిన వేడి ఎటు పోతుందన్న ప్రశ్నకు నేను ఇంకా సరైన జవాబు చెప్పలేదని మా ఆవిడ అంటుంది. సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే (ఎవరి ముందైనా హాయిగా కూర్చుంటున్నాను ఈ మధ్య) ఒక్కోసారి ఆ కుర్రాడు కనిపిస్తాడు. తడి చొక్కాతో, చేతులు వెనక్కి చాచి, ప్రాణమంతా వీపులో పెట్టుకుని గోడను మోస్తూ నిలబడి ఉంటాడు. కూసో బిడ్డా, తాతకు ఎప్పుడో తెలిసిపోయిందిరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా కూర్చోడు, నాకు తెలుసు.