జంగారెడ్డిగూడెం ఎత్తుకు చైన్ స్ప్రాకెట్

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ సుజాత ఫోన్ చేసి, బండితో ఇక తన వల్ల కాదంది. తను జంగారెడ్డిగూడెంలో అద్దెకుంటూ, అక్కడికి కొంత దూరంలోని ఓ చిన్న ఊళ్ళో సర్కారు బడి నడుపుతోంది. ఆ బడికి తనొక్కతే టీచరు. తను వెళ్ళకపోతే ఆ రోజు తలుపు తెరుచుకోదు. ఆ ఊరికి బస్సు లేదు కాబట్టి, పెళ్ళయిన కొత్తలో మేం కొన్న మోటారుసైకిలే తనకు దిక్కు. ఇప్పుడు దాని వెనక చక్రంలో చైను తిప్పే స్ప్రాకెట్ పళ్ళు అరిగిపోయి, ఎత్తు రాగానే చైను జారిపోతోందట.

"రెండ్రోజుల నుంచి నడిచే వెళ్తున్నానండి. ఈసారి బదిలీల్లో మన వైపుకి పెట్టేసుకుంటాను" అంది. ఆ మాటలో సంతోషం లేదు. రావులపాలెంలో ఒక్కణ్ణే వండుకు తింటున్న నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అయినా తన గొంతు విన్నాక ఉండబట్టలేక, బండి బాగుచేయిస్తానని మాటిచ్చేశాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కి ఎనిమిదికల్లా రాజమండ్రిలో దిగాను. స్ప్రాకెట్ జంగారెడ్డిగూడెంలో దొరకదా అని మీరడగొచ్చు. బట్టలైనా బోల్టులైనా రాజమండ్రిలో కొంటేనే మా వాళ్ళకి తృప్తి. పెసరట్టు తిని, కొట్లు తెరిచేదాకా తిరిగి, ఓ స్పేర్ పార్టుల షాపులో బండి మోడల్ చెప్పాను.

"బండి ఎక్కడ తిరుగుతుందండి?" అన్నాడు షాపాయన.

"రావులపాలెం" అన్నాను.

"అంతా పల్లమే కదండి. వెనకది రెండు పళ్ళు తక్కువది వేసుకోండి, మైలేజీ బాగుంటుంది" అని ముందూ వెనకా స్ప్రాకెట్లు రెండూ, చైనూ కలిపి ఇచ్చాడు. మైలేజీ అనగానే నేను డబ్బులు తీసిచ్చేశాను.

జంగారెడ్డిగూడెం బస్సుని రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులోనే ఎక్కితే కిటికీ పక్క సీటు దొరుకుతుంది. దారిలో ఎక్కితే నిలబడాల్సిందే. గోదావరి దాటాక కొవ్వూరులో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. నా ఒళ్ళోని పొట్లంలోంచి స్ప్రాకెట్ పళ్ళు పొడుచుకొస్తుంటే అనుమానంగా చూసి, "రంపమాండీ?" అంది. కాదు, మా ఆవిడ బండి సామానన్నాను. "ఆడమనిషి బండికి మీరు మోసుకెళ్తున్నారా! బంగారం లాంటి మొగుడండీ" అని నవ్వింది. కొయ్యలగూడెంలో ఆవిడ దిగేదాకా నేను కాస్త నిటారుగానే కూర్చున్నాను.

రెండో శనివారం, బడికి సెలవు. మధ్యాహ్నం రెండింటికి సుజాత మెకానిక్ దేవదానం షెడ్డు దగ్గర అన్నం క్యారేజీతో ఎదురుచూస్తోంది. మేం బల్ల మీద పులిహోర తింటుంటే అతను చక్రం విప్పాడు. పాత పళ్ళు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. కొత్తవి బిగించి, చైను వేసి, చేత్తో చక్రం తిప్పి చూపించాడు. చప్పుడే లేదు. నాకు పెద్ద గొప్పగా అనిపించింది.

ఆదివారం పొద్దున్న బడి దాకా వెళ్ళి చూద్దామని బయల్దేరాం. తను నడుపుతోంది, నేను వెనక కూర్చున్నాను. పామాయిల్ తోటల మధ్య ఎత్తు మొదలవగానే బండి మూలిగింది. సగంలో ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. నన్ను దింపేసి ఒక్కతే ప్రయత్నించినా అంతే.

"బండి ఎక్కడ తిరుగుతుందో షాపులో చెప్పారా?"

"రావులపాలెం అన్నాను."

సుజాత నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేనట్టు నా వైపు చూసింది. "మూడేళ్ళయిందండీ ఈ బండి ఇక్కడికొచ్చి! మీ మనసులో ఇంకా అక్కడే తిరుగుతోందా?"

నిజమే, అక్కడే తిరుగుతోంది. తను దారి పక్క రాయి మీద కూర్చుని, ఎత్తు మీద కనిపిస్తున్న బడి కప్పు వైపే చూస్తోంది.

"మూడో తరగతి పిల్లలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్నారండి" అని, "పోనీ, బదిలీ పెట్టేసుకోమంటారా?" అంది.

పెట్టుకోమంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. తన మొహం చూశాక బయటికి రాలేదు. "ముందు బండి వెనక్కి తిప్పు" అన్నాను.

దేవదానం చర్చి నుంచి వచ్చేదాకా షెడ్డు ముందు కూర్చున్నాం. విషయం విని, "వెనక పళ్ళు తక్కువైతే ఎత్తు లాగదండి. మీరు తెచ్చారని అదే బిగించేశానండి, నేనూ అడగలేదు" అని నొచ్చుకున్నాడు. తోటలకి ఎరువుల బస్తాలు మోసే బండ్లకు వేసే పెద్ద స్ప్రాకెట్ అతని దగ్గరే ఉంది. వెనక చక్రం కాస్త ముందుకు జరిపితే కొత్త చైనే సరిపోయింది.

మళ్ళీ అదే ఎత్తు. ఈసారి బండి ఇద్దర్నీ మోస్తూ గునగునా ఎక్కేసింది. పైకి చేరగానే సుజాత చిన్నపిల్లలా కేక పెట్టింది. వెనక కూర్చున్న నాకూ సంతోషమే వేసింది. కానీ ఇక తను బదిలీకి దరఖాస్తు పెట్టదు.

నాలుగింటి బస్సుకి తనే ఆ బండి మీద దింపింది. జంగారెడ్డిగూడెం వెళ్ళాలనుకునేవాళ్ళకు రోడ్డు బాగుంది, బస్సులకు కొదవ లేదు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మనిషిని అక్కడ వదిలేసి రావడం ఒక్కటే కష్టం.