గీత దాకా పోసిన నీళ్లు

రెండువేల నాలుగో సంవత్సరం, దసరా వెళ్లిన తరువాతి ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇంత సరిగ్గా ఎట్లా చెబుతున్నానంటే, మా ముందు గదిలో కట్టిన యంత్రం ఆగిపోయినప్పుడు ఎవరి ముఖమూ చూడలేక గోడ మీది గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. అక్షరాలు రాకపోయినా గడియారం చూడడం నాకు అప్పటికే వచ్చు. షిఫ్టుల మీద బతికే ఇళ్లలో అది రాక తప్పదు.

ఇన్నేళ్లకు ఈ సంగతి రాయడానికి కారణం మొన్న ఇన్వర్టరు బాగుచేయడానికి వచ్చిన మనిషి. బ్యాటరీ మూతలు విప్పుతూ తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. డబ్బా నా చేతిలోంచి జారిపోయింది, నీళ్లు గచ్చంతా పారాయి. నేను భయపడ్డాననుకుని అతను నవ్వాడు. “డరో మత్ మాజీ, యాసిడ్ నహీ హై, సాదా పానీ హై.” యాసిడ్ కాదు, మామూలు నీళ్లేనన్న ఆ మాట విన్నాక ఆ తడి గచ్చు మీదే కూర్చుండిపోయాను.

నేను కడుపులో దాచుకునే మనిషిని కాదు. సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఆడవాళ్లను అడగండి, నా నోటికి జడిసి నల్లా దగ్గర వరస తప్పేవాళ్లు కాదు. అత్తను అత్త ముందరే అన్నాను, మొగుణ్ని మొగుడి ముందరే అన్నాను. అట్లాంటిదాన్ని జీవితంలో రెండే సంగతులు దాచాను, ఆ రెండూ ఒక్క మనిషి దగ్గరే దాచాను. అతను మా మరిది.

పెళ్లై నేను సూరత్ వచ్చేనాటికి మరిదికి ఏడేళ్లు. మామ బట్టల మార్కెట్‌లో బేళ్లు, అంటే పెద్ద పెద్ద బట్టల మూటలు మోసేవాడు. మెడ మీద బరువుతో వంగి నడిచీ నడిచీ, చివరి రోజుల్లో పడుకున్నా నడుము చాపలేకపోయాడు. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. అత్తా నేనూ ఇంట్లో కండెలు చుట్టేవాళ్లం. మరిదిని మాత్రం తెలుగు బడికి పంపాం. సాయంత్రం అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకం నేను పట్టుకుని, పాఠం అప్పజెప్పమనేదాన్ని. పుస్తకంలో ఒక్క ముక్క నాకు తెలియదు. బొమ్మ తలకాయ పైకి ఉండేట్టు పట్టుకోవడం తెలుసు, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో గొంతును బట్టి తెలుసు. అక్కడ తప్పు, మళ్లీ చెప్పు అనేదాన్ని. నిజంగానే అక్కడ తప్పే ఉండేది. దాంతో వదినెకు చదువు వచ్చునని అతనికి చిన్నతనంలోనే నమ్మకం కుదిరిపోయింది. ఒక పిల్లవాడు నన్ను అట్లా గొప్పగా చూడడం బాగుండి నేనూ కాదనలేదు. నేను దాచిన మొదటి సంగతి అది.

అతను పెద్దవాడై సాంచా మీదికి వెళ్లాడు. ఇరవై రెండో ఏట బెల్టులో పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. వేళ్లు పోయినవాణ్ని సాంచా మీద ఎవరూ పెట్టుకోరు, ఇక మిగిలేది తండ్రి మోసిన బేళ్లే. ఆ పని మాత్రం చెయ్యనని మొండికేసి, చీరల డిజైన్లు కంప్యూటరు మీద వేసే దుకాణంలో చాయ్ అందించే పనికి చేరాడు. చూసి చూసి పని నేర్చాడు, ఎడమచేత్తో మౌస్ తిప్పడం అలవాటు చేసుకున్నాడు, అయిదారేళ్లలో అక్కడి మంచి పనివాళ్లలో ఒకడయ్యాడు. తరువాత ఆ దుకాణం మూతపడింది. మళ్లీ బేళ్లు గుమ్మం ముందు నిలబడ్డాయి.

అప్పుడు సొంతంగా కంప్యూటరు కడతానన్నాడు. కొనడం కాదు, కట్టడం. ముంబై పాత సామాన్ల బజారు నుంచి మదర్‌బోర్డు అనే పలక ఒకటి మోసుకొచ్చాడు, దాని మీద ప్రాసెసర్లు ఒకటికి రెండు కూర్చుంటాయి. తెర మీద ఆడమనిషి బొమ్మకు చీర కట్టి, కుచ్చిళ్లూ పైటా మడతల నీడలూ అన్నీ చూపాలంటే మామూలు కంప్యూటరుకు పూట పడుతుంది. మార్కెట్ సేఠ్‌కు అంత ఓపిక ఉండదు. ఎరుపు వద్దు, నీలం వెయ్యి అంటే ఆయన చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోగా నీలం కనిపించాలి. అందుకే రెండు ప్రాసెసర్లు, వాటిని కూడా కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి నడపాలి, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు అన్నాడు. పేరు కొత్తది గానీ పని మాకు కొత్త కాదు. పండగ గిరాకీకి మోటారు పుల్లీ మార్చి సాంచాలను ఉరికించడం చూసినవాళ్లమే. ఉరికితే ఏదైనా వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి పంకాలు చాలవట, నీళ్లు తిప్పాలట.

ఆ వానాకాలమంతా మా ముందు గది కార్ఖానా అయిపోయింది. కూలరులో ఉండే చిన్న పంపు, తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టం, పాత కారు నుంచి ఊడదీసిన అల్యూమినియం రేడియేటరు, నీళ్లు నిలవడానికి కిరాణా కొట్టువాడు పారేసిన బిస్కెట్ల జాడీ. పక్కింట్లో సాంచాలు బాగుచేసే జాబరు ఉండేవాడు, బాగా చేయి తిరిగిన మనిషి. ఆయన రాగి దిమ్మెలు రెండు తొలిచి, లోపల నీళ్లు మెలికలు తిరిగి పోయేట్టు సన్నటి దారులు చేసి, పైన రేకు అతికి ఇచ్చాడు. ఒక్కో ప్రాసెసరు నెత్తిన ఒక్కో దిమ్మె. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే తమ్ముణ్ని ఏడిపించేవాడు.

“ఏందిరా, దీనికి సెలైన్ ఎక్కిస్తున్నవ్? బతుకుతదా?”

“నీకంటె సక్కగ బతుకుతది తియ్, అన్న. ఇది బీడీ తాగది.”

యంత్రం మొదటిసారి నడిచిన రోజు నాకు బాగా జ్ఞాపకం. వేగం కొంచెం పెంచడం, కాసేపు ఆగి తెర మీద వేడి అంకె చూడడం, మళ్లీ కొంచెం పెంచడం. పంకాలతో అయితే రెండో మెట్టుకే బిగుసుకుపోయిన యంత్రం నీళ్లతో ఆరో మెట్టు మీద కూడా నిమ్మళంగా నడిచింది. నా చెయ్యి తీసుకుని గొట్టం మీద పెట్టాడు, గోరువెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనమంతా లోపలి నుంచి బయటికి పోతున్నదని చెబుతూ, మూడు వేళ్ల చెయ్యి ఎత్తి జాబరుకు సలాము కొట్టాడు. వేళ్లు పోయినప్పటి నుంచి ఆ చేతిని అతను నలుగురిలో ఎత్తడం నేను చూడలేదు.

జాడీ మీద ఎర్రటి గోళ్లరంగుతో గీత గీశాడు. వేడికి నీళ్లు ఆవిరైపోతుంటాయి కనుక, ఇంట్లో ఉండేది నేనే కనుక, ఆ పని నాకు అప్పజెప్పాడు. “వదినె, గీత కిందికి దిగితే గీ డబ్బల నీళ్లు పొయ్యి. దానిమీద అంత రాసిన, చదువుకో.” బ్యాటరీ దుకాణం నుంచి తెచ్చిన తెల్ల డబ్బా అది. మీద ఒక కాగితం అంటించి తెలుగులో నాలుగు వరసలు రాశాడు. అంతకు ముందటేడు మా గల్లీలో ఆటో బ్యాటరీ ఒరిగి యాసిడ్ పడి ఒకామె కాలి చర్మం ఊడింది, నేనే మోసుకుని దవాఖానాకు పోయాను. బ్యాటరీ దుకాణంలో దొరికే నీళ్లంటే నా లెక్కలో ఆ యాసిడే. అవి దీనిలో ఎందుకు పోస్తావని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే, రాసిపెట్టిన కదా, చదవలేదా అంటాడు. నేను అడగలేదు.

మీలో నా ఈడు ఆడవాళ్లకు పటిక సంగతి చెప్పక్కరలేదు. వానాకాలం నల్లాలో చాయ్ రంగు నీళ్లు వచ్చేవి. బిందెలో పటిక నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తే మట్టి అడుక్కు దిగి పైన నీళ్లు అద్దంలా తేరేవి. చంటిపిల్లలకు, చుట్టాలకు ఆ నీళ్లే. నేను చేసిన పని ఏమిటంటే, గీత దిగినప్పుడల్లా డబ్బాలోంచి ఒక గ్లాసు తీసి మోరీలో పారబోసి, జాడీలో నా బిందెలోని తేటనీళ్లు గీత దాకా పోసేదాన్ని. అంత కష్టపడి కట్టిన యంత్రం పేగుల్లో యాసిడ్ పోస్తానా అనుకున్నాను. డబ్బా తరుగుతూనే ఉంది, అతనికి అనుమానం రాలేదు. రెండు నెలలు అట్లాగే పోశాను. దసరా నాడు సాంచాలకు పెట్టినట్టే యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి, ఆ డబ్బాకు కూడా, సరిగ్గా ఆ కాగితం మీదే, పెద్ద బొట్టు పెట్టాను.

ఆ ఆదివారం బట్టల మార్కెట్ సేఠ్ ఒకాయన పని చూడడానికి వచ్చాడు. గొట్టాల యంత్రాన్ని ఎత్తుకుపోలేము గనుక ఆయనే మా గల్లీకి రావలసి వచ్చింది. పర్వత్ పాటియా వైపు ఆయనకు పెద్ద కొట్టు. పని నచ్చితే పెళ్లిళ్ల సీజన్ డిజైన్లన్నీ ఇస్తానన్నాడు. అవి వస్తే మరిది జన్మలో బేలు ముట్టక్కరలేదు, మా అందరికీ ఆ సంగతి తెలుసు. అత్త తలుపు పక్కన జపమాల పట్టుకుని కూర్చుంది, మా ఆయనా జాబరూ కూడా గదిలోనే ఉన్నారు. నేను సేఠ్‌కు నీళ్లిచ్చాను, ఆ బిందెలోవే. పానీ మీఠా హై, నీళ్లు తియ్యగా ఉన్నాయని మెచ్చుకుని మొత్తం తాగాడు.

తెర మీద చీర పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చింది. ఎర్రటి పైట వచ్చింది, రవిక అంచు వచ్చింది, నడుము దాకా మడతలు వచ్చాయి. సేఠ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కుచ్చిళ్ల దగ్గర బొమ్మ ఆగింది. పంపు మూలుగు మారింది. మరిది లేచేలోగా లోపల టప్ మని చిన్న చప్పుడు, వెంటనే కాలిన వాసన, తెర నల్లబడింది. నేను గడియారం చూసింది అప్పుడే.

జాబరు దిమ్మె ఊడదీసి రేకు లేపాడు. సన్నటి దారులన్నీ తెల్లటి జావలాంటి మడ్డితో పూడుకుపోయి ఉన్నాయి, అంచుల్లో కొంచెం పచ్చగా చిలుము. ఎవరికీ అది ఏమిటో తెలియలేదు. నాకు తెలిసింది. రోజూ బిందె అడుగు నుంచి చేత్తో తోమి పారబోసే పటిక మడ్డిని గుర్తుపట్టనా? తేటనీళ్లలో కరిగి మిగిలిన పటిక వేడికి ఇక్కడ పేరుకుంది.

మరిది నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. “వదినె, డబ్బల నీళ్లే పోసినవ్ గద?”

నిజం చెప్పాలంటే ముందు చదువు రాదని చెప్పాలి. అంతమందిలో, అతని ముందర. “అవే పోసిన,” అన్నాను. నేను దాచిన రెండో సంగతి అది.

అతను నా మాటను అనుమానించలేదు. నీళ్లు మంచివే అయితే తప్పు తాను కలిపిన రాగి, అల్యూమినియం లోహాలలోనైనా ఉండాలి, వేగంలోనైనా ఉండాలి, అంటే తన తలలోనే ఉండాలి. మా ఆయన ఊరుకోకుండా, “కంపెనోడు చెప్పినంతనే నడిపితె నీ సొమ్మేం పోయె? గంత ఉరికిచ్చుడు ఎందుకు?” అన్నాడు. జాబరు మాత్రం దిమ్మెను వెలుతురుకు పెట్టి చూస్తూ, పని తప్పు లేదు బేటా, ఇంకొకటి చేద్దాం అన్నాడు. సేఠ్ మంచి మనిషి, వారం ఆగుతానన్నాడు. మరిది తల అడ్డంగా ఊపి, మూడు వేళ్ల చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉంటే ఇంకో ప్రాసెసరు, మంచి నీళ్లు, వారం రోజుల పని, అంతే కావలసింది. అతను కట్టినదానిలో తప్పు లేదని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

దీపావళి వెళ్లగానే బేళ్లకు పోయాడు. మళ్లీ స్క్రూడ్రైవరు పట్టలేదు. ఎవరైనా రేడియో బాగుచెయ్యమంటే, నా చెయ్యి మంచిది కాదు భాయ్ అనేవాడు. తరువాత పెళ్లి చేసుకుని వడోద్‌లో గది తీసుకున్నాడు. పండగకు వచ్చినప్పుడల్లా తల కొంచెం కిందికి దిగినట్టు కనిపించేది, ముందు బరువు వల్ల, తరువాత బరువు లేనప్పుడు కూడా.

నేను యాభై దాటాక గల్లీలో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వయసులో ఎందుకమ్మా చదువు అని నవ్వినవాళ్లకు వాళ్లకు తగ్గ సమాధానమే చెప్పాను గానీ, ఎందుకో మాత్రం చెప్పలేదు. కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజున అటక మీది డబ్బా దింపాను. నేను పెట్టిన బొట్టు కింద అక్షరాలు సగం ఎర్రబడి ఉన్నాయి. వేలు పెట్టి చదివాను. ‘వదినా, ఇవి యాసిడ్ కాదు. కాలు కాలినామెను నువ్వే మోసినవు కనుక భయపడతావని రాస్తున్నాను. ఇవి అన్నిటికంటే శుద్ధమైన నీళ్లు. ఇవే పొయ్యి, మన నల్లా నీళ్లు వద్దు.’

అప్పటికి అతను బతికే ఉన్నాడు. వడోద్ ఎంత దూరం, షేర్ ఆటోలో ఎక్కి దిగడమే. ఈ పండగకు చెబుతాను, వచ్చే పండగకు చెబుతాను అనుకుంటూ తొమ్మిదేళ్లు గడిపాను. ఆ తరువాత ఒకరోజు అతను మార్కెట్ మెట్ల మీద బేలు కింద కూలబడి ప్రాణం వదిలాడు. అప్పుడూ చెప్పలేదు, ఎవరికి చెప్పాలి?

ఇప్పుడు నా మనవరాలు అరచేతిలోని ఫోనులో చీరను నిమిషంలో పది రంగులు మారుస్తుంది. అది వేడెక్కదు, దానికి నీళ్లు అక్కరలేదు. గల్లీలో నల్లా నీళ్లు కూడా తేటగా వస్తున్నాయి, పటిక కొట్లో అడిగితే వెతికి ఇస్తున్నారు. నాకు చదవడం వచ్చు, రాయడం వచ్చు. చదివి పెట్టమని అడగవలసిన మనిషి లేడు, రాసింది చదవవలసిన మనిషీ లేడు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు: తలుపు పక్కన మా అత్త, నిజం తెలియకుండానే పోయింది. మంచం అంచున మా ఆయన, తమ్ముణ్ని అన్న మాటకు చివరిదాకా బాధపడ్డాడు. కిటికీ దగ్గర జాబరు, ఇంకొకటి చేద్దామన్నవాడు. కుర్చీలో సేఠ్, ఆ నీళ్లు తాగినవాడు. యంత్రం ముందు మోకాళ్ల మీద మా మరిది. అతని వెనక, చెంబు పట్టుకుని, నేను.