రావ దగ్గర ఆగిన కబురు

దీనమ్మ చీరాల పక్క పల్లెలో పుట్టి, గుంటూరులో నర్సు చదువు చదివి, డెబ్భై నాలుగులో డెట్రాయిట్ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరిన మనిషి. ఆవిడ చేతకాదని ఒక పనిని వదిలేయడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మంచులో కారు నడపడం నీవల్ల కాదన్నారు. నడిపింది. ఎనభై నాలుగులో భర్త ప్రేమానందం ముచ్చటపడి కంప్యూటరూ, దాన్ని ఫోను లైనుకు కలిపే మోడెమూ కొని తెచ్చి, మూడు నెలలు వాటితో కుస్తీ పట్టి, దీనికంటే గడ్డి కోసే మిషనే నయమని పెరట్లోకి తప్పుకున్నాడు. ఖాళీ అయిన కుర్చీలో దీనమ్మ కూర్చుంది.

"రోగి నాడి పట్టేదాన్ని, దీని నాడి పట్టలేనా?" అంది. పట్టింది కూడా.

అలా డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో, వాళ్ళ బేస్‌మెంట్‌లో 'గుమ్మం' పుట్టింది. అది ఒక బులెటిన్ బోర్డు. ఇంట్లో కంప్యూటరున్న వాళ్ళెవరైనా ఫోను లైను మీద దీనమ్మ కంప్యూటరుకు ఫోన్ చేయవచ్చు. రెండు మోడెములూ కాసేపు కీచుకీచుమని పలకరించుకున్నాక, అందరూ రాసి పెట్టినవి తెర మీద కనిపిస్తాయి. మనమూ ఒకటి రాసి పెట్టవచ్చు. లైను ఒక్కటే కాబట్టి ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. కరివేపాకు ఎక్కడికి వచ్చింది, ఎయిర్‌పోర్ట్‌కి ఎవరు వెళ్తున్నారు, ఆదివారం తెలుగు ప్రార్థన ఎవరింట్లో, సత్యనారాయణ వ్రతం ఎవరింట్లో, అన్నీ అక్కడే తెలిసేవి. ఒకరికే కనిపించే చాటు ఉత్తరాలకు మాత్రం చోటు లేదు. గుసగుసలకు ఫోన్లున్నాయి కదా అని దీనమ్మ వాదన.

ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు తెర మీద వచ్చేవి కావు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని కొట్టాల్సిందే. టైపు చేస్తున్నంతసేపూ అవతలివాళ్ళ అక్షరాలు ఒక్కొక్కటే దీనమ్మ తెర మీద కూడా పడుతూ ఉండేవి. మధ్యలో ఆ ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తారా, లైను తెగినట్టే. అందాకా వచ్చిన ముక్క బోర్డు మీద అలాగే మిగిలిపోయేది. ఇంగ్లీషువాడికి సగంలో తెగితే సగం సంగతైనా తెలుస్తుంది. మన భాష అవునో కాదో చివరిదాకా చెప్పదు. లైను తెగిందంటే కథంతా విని కొసమెరుపు వినకుండా లేచినట్టే.

రాధారాణి ఆ గుమ్మానికి మొదటి చుట్టం. రెండు వీధుల అవతల కాపురం. భర్త జగదీష్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆమె పూజ ఆమెది, దీనమ్మ ప్రార్థన దీనమ్మది, ఆవకాయ మాత్రం ఇద్దరిదీ. "వదినా" అంటూ వారానికి నాలుగు రోజులు వచ్చి కూర్చునేది.

అది మే నెల పిక్నిక్ దాకా మాట. ఆ రోజు రాధారాణి తెచ్చిన పులిహోర గిన్నె అరగంటలో నున్నగా అయిపోయింది. దీనమ్మ ఇంటికి రాగానే మెచ్చుకోలుగా బోర్డు మీద రాసింది: "రాధారాణి తెచ్చిన పులిహోర చాల్లేదు." ఎంత తిన్నా తనివి తీరలేదని ఆవిడ భావం. ఇరవై కుటుంబాలు చదివే చోట, పిసినారిలా కాస్త తెచ్చావన్నట్టు రాధారాణికి కనిపించింది. నోటితో అని ఉంటే ఆ మాట వెంట నవ్వు వినిపించేది. తెర మీద నవ్వు ఎక్కడ వినిపిస్తుంది? దీనమ్మ రెండుసార్లు ఫోన్ చేసి చెప్పబోయింది. "పర్లేదులెండి, దీనమ్మగారూ" అంది రాధారాణి. వదిన కాస్తా గారయిపోయింది. ఆ మర్యాద దీనమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆరు నెలలు ఆ ఇంటి మనిషి ఈ గడప తొక్కలేదు.

నవంబరులో ఒక గురువారం. దీనమ్మ డ్యూటీ దిగి వచ్చి టీ కప్పుతో తెర ముందు కూర్చుంది. లైను మీద రాధారాణి ఉంది. అక్షరాలు మెల్లగా పడుతున్నాయి.

"శనివారం ఉదయం పదింటికి మా కొత్త ఇంట్లో గృహప్రవేశం. అందరూ రండి. ఉన్నంతలో పెడతాం. దీనమ్మగారూ, మీరు మాత్రం..."

దీనమ్మ కప్పు కింద పెట్టేసింది. మీరు మాత్రం తప్పకుండా రావాలి అనవచ్చు. మీరు మాత్రం రావద్దు అనీ అనవచ్చు. రెండూ మన మాటలే. ఆర్ పడింది. ఏ పడింది. వి, మళ్ళీ ఏ. 'రావ' దాకా వచ్చింది. ఇక ఎల్ పడితే రావాలి, బతుకు; డి పడితే రావద్దు. దీనమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

డి పడింది.

అంతే, లైను తెగిపోయింది. జగదీష్ వంటింట్లో ఫోన్ ఎత్తి ఉంటాడనుకుంది.

ఇరవై ఇళ్ళవాళ్ళు చూసే చోట, తన గుమ్మం మీదే తనను రావద్దనడం! దీనమ్మకు ఏడుపు వచ్చింది. ఒక నిమిషం ఏడ్చింది కూడా. ఇంకో నిమిషంలో కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. ఈ మాట ఇలాగే ఉంటే తన పరువు పోవడం సరే, రేపు రాధారాణి కోపం చల్లారినా వెనక్కి రావడానికి దారి ఉండదు. బోర్డు నడిపేది తను. చెరిపే అధికారం తనకుంది. ఆ డి ఒక్కటీ చెరిపేసింది.

ప్రేమానందం వెనక నిలబడి చూశాడు. "బైబిల్లో అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నారు కదే?"

"నేనేం పలికాను? ఒక అక్షరం తీశాను. కలపలేదుగా."

సాయంత్రానికి ఇద్దరు ఫోన్ చేశారు. "ఏమండీ, రాధారాణిగారు మిమ్మల్ని స్పెషల్‌గా పేరు పెట్టి ఇన్వైట్ చేశారే! లైన్ కట్ అయినట్టుంది" అంది ఒకావిడ. దీనమ్మ అవునంది.

మర్నాడు మధ్యాహ్నం రాధారాణి లైను మీదకు వచ్చింది. తన కబురే తెరిచింది. 'రావ' దగ్గర ఆగి ఉన్న ఆ మాట కింద కర్సర్ మిణుకుమంటూ ఉంది. పది నిమిషాలు. రెండు మూడు అక్షరాలు కొట్టి పూర్తి చేయవచ్చు, ఇటైనా అటైనా. ఏమీ కొట్టకుండా దిగిపోయింది.

"వెళ్ళకు. గడపలో తిప్పి పంపిస్తే నలుగురిలో నవ్వులపాలు" అన్నాడు ప్రేమానందం.

"పిలిచిన పెళ్ళికి ఎవరైనా వెళ్తారు. అయినా రావద్దని ఎక్కడ రాసి ఉంది? చూపించు" అని శనివారం పట్టుచీర కట్టుకుని, చేమంతుల కుండీ పట్టుకుని, కారు తీసింది దీనమ్మ. మొండిధైర్యం అంటారా, అనండి. స్నేహం చచ్చిపోతుంటే మంచం పక్కన మౌనంగా కూర్చునే నర్సు కాదు ఆవిడ.

తలుపు రాధారాణే తీసింది. లోపల నలభైమంది, పురోహితుడి మంత్రాలు. దీనమ్మే ముందు అందుకుంది.

"నీ మెసేజ్ చూశాను. డి పడేదాకా చూశాను. ఆ డి నేనే డిలీట్ చేశాను. ఇప్పుడు నీ నోటితో చెప్పు. వద్దంటే ఈ కుండీ ఇచ్చేసి వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను." వెంటనే దిద్దుకుంది. "అబద్ధం. చాలా అనుకుంటాను."

రాధారాణి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "నిన్న చూస్తే డి లేదు. అంటే మీరు చూశారని అర్థమైంది. ఇంక ఏ మొహంతో మిగతాది రాయను వదినా?"

వదినా అన్న మాట దీనమ్మ చెవిన పడి ఆరు నెలలయింది. మాట తప్పించడానికి జగదీష్ మీదకు మళ్ళించింది. "మీ ఆయనకి థ్యాంక్స్ చెప్పాలి. సమయానికి ఫోన్ ఎత్తాడు."

"ఆ టైమ్‌కి ఆయన ఆఫీస్‌లో ఉన్నారు."

"మరి?"

"డి కొట్టాక నా చెయ్యి ఆడలేదు. వెనక్కి ఎలా చెరపాలో తెలీలేదు. పరిగెత్తుకెళ్ళి ఫోన్ నేనే ఎత్తేశాను."